కొనే మట్టి, కాల్చే ఆకు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల పురపాలక, పట్టణాభివృద్ధి శాఖల ముఖ్య కార్యదర్శులకు బహిరంగ లేఖ

విషయం: ఇంటితోటలకు పైమట్టి కొనుగోలు, వాడకం, ఆకులు, గడ్డితో నేలకప్పు, ఈ రెండింటిలో పట్టణ పాలక సంస్థల బాధ్యత.



ఇంటి చుట్టూ పచ్చదనానికి రెండు సరుకులు కావాలి. వేరు దిగడానికి మట్టి, ఆ మట్టిని ఎండ నుంచి కాపాడడానికి పైన ఆకో గడ్డో. తెలుగు పట్టణాల్లో మొదటిది ఊరి బయటి పొలం నుంచో గుట్ట నుంచో ట్రాక్టర్లలో, టిప్పర్లలో వచ్చి డబ్బుకు దొరుకుతుంది. రెండోది రోడ్డు పక్కన చెట్ల కింద ఉచితంగా రాలి, తెల్లవారే ఊడ్పులో చెత్తబండికో నిప్పుకో పోతుంది. మొదటిదాన్ని ఎంత తక్కువ కొంటే అంత మేలు, రెండోదాన్ని ఎంత ఎక్కువ వాడితే అంత మేలు. అందులో సగం పని ఇంటివాళ్లది. మిగతా సగం పురపాలక శాఖ తలచుకుంటేనే అవుతుంది.

పైమట్టి అంటే నేల పైన జానెడు మందాన ఉండే పొర. సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు. కుళ్లిన ఆకులు, చచ్చిన వేళ్లు, వానపాములు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు, గాలి, తేమ అన్నీ ఇక్కడే ఎక్కువ. మొక్కకు తిండి పెట్టేది ప్రధానంగా ఈ పొరే. దీని కింద సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న అడుగుమట్టి, దాని కింద సగం శిథిలమైన రాయి, అంటే మొరం ఉంటాయి. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఏర్పడడానికి వెయ్యేళ్ల వరకు పట్టవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. ఆ లెక్కన ఒక పొలంలో జానెడు మట్టి గీకి అమ్మితే, ఆ రైతు మనవలకూ వాళ్ల మనవలకూ ఆ పొర తిరిగి రాదు.

బజారులో 'ఎర్రమట్టి' పేరుతో అమ్మేదంతా పైమట్టి కాదన్నది కొనేవాళ్లు మొదట తెలుసుకోవలసిన విషయం. హైదరాబాదు చుట్టుపక్కల నేల గ్రానైటు శిథిలమై ఏర్పడింది. దాని ఎరుపు రంగు ఇనుప ఆక్సైడ్లది. ఆ రంగు పైపొరలో ఎంత ఉంటుందో రెండు మీటర్ల లోతులోని మొరంలోనూ అంతే ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా గాఢంగా ఉంటుంది. కాబట్టి ఎర్రగా ఉంది గనుక సారవంతమనుకోవడం పొరపాటు. నిజమైన చల్కా, అంటే తేలికపాటి ఎర్రనేల, పైపొర కాస్త గోధుమ రంగు కలిసి, చేతిలో నలిపితే పొడిగా రాలి, తడిపితే మట్టివాసన వేస్తుంది. అందులో సన్న వేళ్ల తునకలు కనిపిస్తాయి. మొరం గరగరలాడుతుంది, తడిపి ఆరనిస్తే గట్టిపడుతుంది, వాసన ఉండదు. గుట్టను తవ్వి తెచ్చిన మట్టిలో మొక్కలు నెలలు గడిచినా ఎదగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అది చెడ్డ మట్టి కాదు, బతుకు ఇంకా మొదలుకాని మట్టి.

నల్లరేగడి కథ వేరు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల్లో ఇళ్ల స్థలాలే నల్లరేగడి మీద ఉంటాయి. ఇందులోని స్మెక్టైట్ వర్గపు బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. తేమను, పోషకాలను బాగా పట్టి ఉంచుతుంది కానీ వానాకాలంలో వేరుకు గాలి ఆడనివ్వదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రం ఎర్ర, నల్ల నేలలు రెండూ ఒకే ఆవరణలో ఉన్న చోటు. ఒకే వాన పడినా ఆ రెండు నేలలూ నీటిని పట్టుకునే తీరు, వదిలే తీరు ఒకటి కావు. ఇంటితోటకు సూత్రం కూడా ఆ తేడా నుంచే వస్తుంది. ఎర్రనేలకు తేమ నిలిపే పదార్థం కలపాలి, నల్లనేలకు గాలి ఆడే పదార్థం కలపాలి. రెండింటికీ సమాధానం బాగా మాగిన ఎరువే. నల్లరేగడిని గుల్ల చేద్దామని కొద్దిగా ఇసుక కలపడం వల్ల ఫలితం ఉండదు. కొంచెం ఇసుక బంకమట్టిలో చిక్కుకుని నేలను ఇంకా గట్టిపరుస్తుంది.

చెరువు మట్టికి తెలుగు వ్యవసాయంలో పాత గౌరవం ఉంది. ఎండాకాలంలో చెరువు పూడిక తీసి చేలకు తోలుకోవడం తరతరాల పద్ధతి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు తమ పొలాలకు తరలించుకున్నారు. పల్లె చెరువు పూడికలో చుట్టుపక్కల పొలాల నుంచి వానకు కొట్టుకొచ్చిన సన్నమట్టి, సేంద్రియ పదార్థం ఉంటాయి. అది ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలకు బాగా పనికొస్తుంది. పట్టణ చెరువు పూడికను మాత్రం ఆ లెక్కలో వేయకూడదు. మురుగు, పరిశ్రమల వ్యర్థాలు దశాబ్దాలుగా కలిసిన చెరువుల అడుగున సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు పేరుకుంటాయి. అవి కుళ్లిపోవు, ఎండలో ఆరవు, ఆకుకూరల్లోకి ఎక్కగలవు. మూసీ ఒడ్డు మట్టి, పారిశ్రామికవాడల పక్క మట్టి, పాత చెత్తకుప్పల్ని జల్లెడ పట్టి తీసిన మట్టి తినే మొక్కలకు పరీక్ష లేకుండా వాడదగినవి కావు.

నది పక్క ఒండ్రుమట్టి విజయవాడ, రాజమహేంద్రవరం వైపు దొరుకుతుంది. మొక్కలకు మంచిదే అయినా లంక భూముల్ని, గట్లను తవ్వి తెచ్చిందైతే దాని ఖరీదు ఇంకెవరో వరదలో కడతారు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో కొన్న మట్టిలో ఉప్పు ఉందేమో చూసుకోవాలి. కుప్ప ఆరిన తరువాత పైన తెల్లటి పొడి తేలితే అది చౌడుమట్టి. ఇక పునాదుల తవ్వకంలో వచ్చే మట్టిలో సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు కలిసి ఉంటాయి. సున్నం పాలు పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. గులాబీ, జామ, మందారాల లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు తిరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. కొద్ది మట్టి మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగడం సున్నానికి గుర్తు.

మట్టి ఎక్కడిదన్నది చట్టానికి కూడా సంబంధించిన ప్రశ్న. గట్లు, రోడ్లు, భవనాల నిర్మాణంలో నింపడానికి, చదును చేయడానికి వాడే మామూలు మట్టిని కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో చిన్న తరహా ఖనిజాల జాబితాలో చేర్చింది. అలా తవ్వి తరలించే మట్టికి గనుల శాఖ పర్మిట్, సీనరేజి రుసుము వర్తిస్తాయి. ఇంటితోట పేరుతో అర్ధరాత్రి దిగే టిప్పరు దగ్గర ఆ కాగితం ఉందో లేదో అడిగేవాళ్లు అరుదు. అడగకపోవడం వల్ల నష్టం ఎక్కడిదాకా పోతుందో భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చెబుతాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల చుట్టూ కూడా తవ్వకాల వివాదాలు రేగుతూనే ఉన్నాయి. ఇసుక రవాణాకు ఉన్నంత నిఘా మట్టి రవాణాకు లేదు.

కొనక తప్పనప్పుడు కొలత తెలిసి కొనాలి. 'ఒక ట్రాక్టరు', 'ఒక టిప్పరు' అన్నవి కొలతలు కావు, బండి పేర్లు. తొట్టి పొడవు, వెడల్పు, మట్టి ఎత్తు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో 2 అడుగుల ఎత్తు మట్టి ఉంటే అది 99 ఘనపుటడుగులు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న మడి మీద అరడుగు మందం పరవడానికి 100 ఘనపుటడుగులు కావాలి కాబట్టి, ఆ బండి ఒకటి సరిపోతుంది. గుల్లగా పోసిన మట్టి నాలుగు వానలకు అయిదో వంతు వరకు అణుగుతుందన్నది లెక్కలో ఉంచుకోవాలి. తూకం మీద కొనడం తెలివైన పని కాదు. 100 ఘనపుటడుగుల పొడిమట్టి సుమారు మూడున్నర టన్నులు తూగుతుంది. అదే మట్టి వానకు తడిస్తే బరువు పెరుగుతుంది, కొన్నవారు నీళ్లకు కూడా మట్టి ధర కడతారు.

బండి దిగకముందే చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టాలి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది, బంకమట్టికి ఒక రోజో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆకు తునకల వంటివి పైన తేలతాయి. మూడు పొరల మందం చూస్తే అమ్మేవాడి మాట నిజమో కాదో తేలిపోతుంది. రెండో పరీక్ష కలుపు కోసం. గంపెడు మట్టిని తడిపి రెండు వారాలు నీడలో ఉంచితే వయ్యారిభామ, ఇతర కలుపు గింజలు మొలుస్తాయి. అన్నిటికంటే భయపడవలసింది తుంగ. మట్టిలో నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే ఆ బండిని వెనక్కు పంపడమే మేలు. ఒకసారి తోటలో దిగిన తుంగ గడ్డ పీకే కొద్దీ పక్కకు పాకుతుంది, పైన ఎంత మందం ఆకు కప్పినా చీల్చుకుని వస్తుంది. వంగ, టమాటా తోటల నుంచి వచ్చిన మట్టిలో వేళ్ల మీద బుడిపెలు పుట్టించే నులిపురుగులు ఉండవచ్చు. అనుమానం ఉంటే మండు వేసవిలో మట్టిని తడిపి, పలచగా పరిచి, పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులు మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ఎండ వేడికి పురుగు, కలుపు గింజ చాలావరకు చస్తాయి.

చేతికి, కంటికి అందనివి ప్రయోగశాలలో తేలాలి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన భూసార కార్డుల పథకం 12 అంశాలు పరీక్షిస్తుంది: ఉదజని సూచిక, లవణాల వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఇంటితోటకు వీటిలో మొదటి మూడూ ప్రధానం. ఉదజని సూచిక 6.5, 7.5 మధ్య ఉండడం, వాహకత మీటరుకు ఒక డెసీసీమెన్స్ లోపు ఉండడం, సేంద్రియ కర్బనం 0.75 శాతం దాటడం మంచి మట్టి లక్షణాలు. కర్బనం 0.5 శాతానికి తగ్గితే దాన్ని తక్కువగా లెక్కిస్తారు. అటువంటి మట్టిని ఎంత కొన్నా ఎరువు కొనే ఖర్చు తప్పదు. ఆ కార్డు రైతు పొలం కోసం పుట్టింది. పట్టణంలో ఇంటితోట వేసుకున్నవారికి మట్టి నమూనా ఎక్కడ ఇవ్వాలో, ఎంత కట్టాలో చెప్పే బోర్డు ఒక్క వార్డు కార్యాలయంలోనైనా ఉండాల్సింది.

నిజానికి ఉన్న నేలను బాగుచేయడం కొత్త మట్టి పోయడం కంటే దాదాపు ప్రతిచోటా చౌక. ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరిగి గట్టిపడిన నేలను గడ్డపారతో జానెడున్నర లోతు కదిలించి, రాళ్లు, సిమెంటు పెళ్లలు ఏరి, పైన రెండంగుళాల మందం మాగిన ఎరువు వేసి కలిపితే చాలు. పైన చెప్పిన 200 చదరపు అడుగుల మడికి ఇందుకు 33 ఘనపుటడుగుల ఎరువు సరిపోతుంది. మట్టి కొన్నా ఈ పని తప్పదు. గట్టినేలను కదిలించకుండా పైన మంచి మట్టి పోస్తే రెండు పొరలూ కలవవు. వాననీరు ఆ హద్దు దగ్గర నిలిచిపోయి వేళ్లు కుళ్లుతాయి. మొదట రెండంగుళాల కొత్త మట్టి పోసి కింది నేలతో కలిపి, ఆపైన మిగతాది పోయాలి. ఇంటి గోడ దగ్గర మట్టి మట్టం పునాది కట్టు కంటే కిందే ఉండాలి, వాలు గోడకు దూరంగా పోవాలి. ఉన్న వేప, మామిడి చెట్ల మొదళ్ల చుట్టూ నేల ఎత్తు పెంచకూడదు. పాత వేళ్లకు గాలి అందక చెట్టు రెండు మూడేళ్లలో పైకొమ్మల నుంచి ఎండుతూ వస్తుంది, కారణం ఎవరికీ తట్టదు.

పశువుల ఎరువు మాగిందో లేదో చూసుకోవడం మట్టిని చూసుకోవడమంత ముఖ్యం. పచ్చి ఎరువు వేడి పుట్టించి వేళ్లను మాడుస్తుంది, వేరుపురుగును, చెదలను పిలుస్తుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటుంది. పట్టణ చెత్త నుంచి తయారైన సిటీ కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలు పెట్టింది. కర్బన నత్రజనుల నిష్పత్తి 20 లోపు ఉండాలి, కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. సంచి మీద ఆ అంకెలు లేని కంపోస్టును పూలమొక్కలకు పరిమితం చేయడం క్షేమం. కోనసీమ కొబ్బరి నుంచి వచ్చే పీచుపొట్టు, అంటే కోకోపీట్, నీటిని బాగా పట్టుకుంటుంది కానీ దానిలో పోషకాలు దాదాపు లేవు. ఉప్పు ఉండవచ్చు కాబట్టి రెండు మూడు నీళ్లకు కడిగి వాడాలి.

మిద్దెతోటలో మట్టి సారం కంటే ముందు బరువు చూడాలి. తడిసిన మట్టి 15 సెంటీమీటర్ల మందం పరిస్తే చదరపు మీటరుకు 250 కిలోల దాకా తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే సమతలపు కప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కగట్టే అదనపు భారం చదరపు మీటరుకు ఒకటిన్నర కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. పిట్టగోడల మధ్య మట్టి నింపి మడి చేయడం ఇంజనీరు అనుమతి లేకుండా చేయకూడని పని. కుండీలు, గంపలు దూలాల మీదుగా, గోడల వారగా పెట్టుకుని, మట్టి పాలు తగ్గించి కోకోపీట్, కంపోస్టు పాలు పెంచితే బరువు అదుపులో ఉంటుంది.

మట్టి సంగతి ఇంతవరకు. ఇక దాని మీది నేలకప్పు. రైతులు మల్చింగ్ అంటున్నదీ, ప్రకృతి వ్యవసాయంలో బీజామృతం, జీవామృతాలతో పాటు ఆచ్ఛాదన అంటున్నదీ ఇదే. అడవిలో నేల ఎప్పుడూ బోసిగా ఉండదు, రాలిన ఆకే దానికి దుప్పటి. పట్టణపు తోటలో మాత్రం నేలను ఊడ్చి శుభ్రంగా ఉంచడం మర్యాద అయింది. అలా ఊడ్చిన నేల ఏప్రిల్ ఎండకు పెంకులా మారుతుంది, జూన్ మొదటి వానకు చినుకు దెబ్బ తగిలి పై సందులు మూసుకుపోయి నీళ్లు ఇంకకుండా జారిపోతాయి. ఆకు కప్పితే చినుకు దెబ్బ దాని మీద పడుతుంది, ఆవిరి తగ్గుతుంది, వేరు దగ్గర వేడి తగ్గుతుంది, వెలుతురు అందక చాలా కలుపు గింజలు మొలవవు. నెమ్మదిగా కుళ్లి అదే పైమట్టిగా మారుతుంది. కొనకుండా పైమట్టి సంపాదించే దారి ఇది.

కప్పడానికి పనికొచ్చేవి ఇంటి చుట్టూనే ఉన్నాయి. కానుగ, నిద్రగన్నేరు, తురాయి, వేప ఆకులు త్వరగా కుళ్లి నేలకు సారమిస్తాయి. కానుగ రొట్ట వరిమళ్లలో తొక్కడం పాత పచ్చిరొట్ట పద్ధతే. మామిడి, పనస, బాదం ఆకులు మందం కాబట్టి నిదానంగా కుళ్లుతాయి. అలాగే వేస్తే ఒకదానిమీదొకటి అతుక్కుని వాననీటిని అడ్డుకుంటాయి, నలిపి వేయాలి. సరుగుడు, నీలగిరి ఆకులను నేరుగా లేత మొక్కల దగ్గర వేయకుండా కొన్నాళ్లు కుప్పలో మాగనివ్వాలి. వరిగడ్డి సులువుగా పరుచుకుంటుంది. గింజ రాలని గడ్డి చూసుకోకపోతే మడిలో వరి మొలుస్తుంది. వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, కొబ్బరి పీచు ఏ ప్రాంతంలో ఏది చౌకైతే అది. వరి ఊక తేలిక కాబట్టి గాలికి ఎగురుతుంది, తడిపి వేయాలి. లాన్ కత్తిరించిన పచ్చిగడ్డిని అంగుళం మించి ఒకేసారి వేస్తే వేడెక్కి కంపు కొడుతుంది, ఆరబెట్టి వేయాలి. గులకరాళ్లు, నల్ల ప్లాస్టిక్ పట్టాలు తేమను కాపాడతాయి కానీ నేలకు ఏమీ ఇవ్వవు. రాళ్లు మన ఎండలకు కాగి రాత్రి దాకా వేడి వదులుతాయి. ప్లాస్టిక్ రెండు మూడేళ్లకు చీలికలై మట్టిలో కలుస్తుంది.

రంపపు పొట్టు గురించి ఒక జాగ్రత్త ఉంది. అందులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. మట్టిలో కలిపేస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే లాక్కుంటాయి, మొక్క పాలిపోతుంది. పైన పరిస్తే ఆ ఇబ్బంది ఆ పై పొర వరకే ఉంటుంది. కాబట్టి పొట్టు, చెక్కముక్కలు, ఎండు గడ్డి ఏవైనా పైన పరచాలి తప్ప తవ్వి కలపకూడదు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్కల పొట్టు అసలు వాడకూడదు.

మందం రెండు నుంచి నాలుగు అంగుళాలు చాలు. 200 చదరపు అడుగుల మడికి మూడంగుళాల కప్పు అంటే 50 ఘనపుటడుగులు. ఎండుటాకు వారంలో సగానికి అణుగుతుంది కాబట్టి వేసేటప్పుడు అరడుగు వేయాలి. ముందు కలుపు తీసి, నేల బాగా తడిపి, ఆ తరువాత కప్పాలి. ఎండిన నేల మీద కప్పితే చిన్న వానలు ఆకులోనే ఇంకిపోయి కిందికి దిగవు. మొక్క మొదలు చుట్టూ బెత్తెడు, పెద్ద చెట్టయితే జానెడు ఖాళీ వదలాలి. బెరడుకు ఆనించి గుట్టపోస్తే తేమకు కుళ్లు పడుతుంది. ఇంటి గోడకు కనీసం అడుగు దూరం ఉంచాలి. ఎర్రనేలల్లో చెదలు సహజం. అవి ఎండు పదార్థాన్నే ఇష్టపడతాయి కాబట్టి కప్పును అప్పుడప్పుడు తడుపుతూ, పలచగా ఉంచుతూ, వేపపిండి చల్లుతూ ఉంటే ఉధృతి తగ్గుతుంది. వానాకాలంలో కప్పు కింద నత్తలు చేరతాయి. ఆ నెలల్లో మందం తగ్గించి, ఉదయాన్నే ఏరి పారేయడం మంచిది. కప్పు తగ్గినప్పుడల్లా పైన కొత్తది వేయాలి, పాతది తీసేయకూడదు. కప్పడానికి అనువైన కాలాలు రెండు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలినప్పుడు వేసవి కోసం ఒకసారి, వానలు వెనకపట్టినప్పుడు నేలలోని తేమ నిలుపుకోవడానికి మరోసారి. తీర ఆంధ్రలో ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంటుంది కాబట్టి రెండోది డిసెంబరుకు జరుగుతుంది.

ఇంటివాళ్లు చేసుకోగలిగింది ఇంతవరకు. దీనికి అవతల ఉన్నవి పురపాలక శాఖ పనులు. వాటిలో చాలావాటికి కొత్త చట్టం అవసరం లేదు.

మొదటిది ఇంటి అనుమతిలో పైమట్టి. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి నిర్మించే భవనాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి కావాలి. తవ్విన పైమట్టిని విడిగా నిల్వచేసి ఆవరణలోని తోటలకే వాడాలన్నది ఆ అనుమతుల్లో మామూలుగా పెట్టే షరతు. అదే వాక్యం చిన్న స్థలాల అనుమతిలో, లేఅవుట్ల అనుమతిలో కూడా ఉండాలి. పని మొదలుపెట్టే ముందు పై జానెడు మట్టి తీసి ఒక మూల మనిషి ఎత్తు మించకుండా కుప్పపోసి, ఆకు కప్పి ఉంచితే ఇల్లు పూర్తయ్యాక ఆ ఇంటికి మట్టి కొనే అవసరమే రాదు. పునాదుల మొరం దాని మీద పోసి పాతిపెట్టడం వల్లనే తరువాత కొనవలసి వస్తోంది.

రెండోది అమ్మే మట్టికి పుట్టుక చీటీ. నర్సరీలు, మట్టి రవాణాదారులు తమ సరుకు ఏ గ్రామం, ఏ సర్వే నంబరు నుంచి వచ్చిందో, పర్మిట్ సంఖ్య ఏమిటో, ఎన్ని ఘనపుటడుగులో రాసిన రసీదు ఇవ్వాలి. పర్మిట్ ఇచ్చేది గనుల శాఖ, మట్టి దిగేది పురపాలక పరిధిలో. రెండు శాఖల మధ్య ఆ కాగితం తప్పిపోతోంది. అనుమతితో తీసిన గ్రామ చెరువు పూడికను, రైతులకు చాలినంత ఇచ్చాక మిగిలితే, పరీక్ష చీటీతో పట్టణ నర్సరీలకు అమ్మే ఏర్పాటు చేస్తే పొలాల పైమట్టి మీద ఒత్తిడి తగ్గుతుంది.

మూడోది పరీక్ష. వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రాల్లో పట్టణ నివాసులకు నిర్ణీత రుసుముతో నమూనా తీసుకునే వీలు, వార్డు కార్యాలయంలో నమూనా సంచి ఇచ్చే వీలు ఉండాలి. పారిశ్రామికవాడల పక్క కాలనీల్లో 12 అంశాలతో పాటు సీసం, కాడ్మియం, క్రోమియం కూడా చూడాలి.

నాలుగోది రాలిన ఆకు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీధులు ఊడ్చేవారు ఆకులు తగలబెట్టకూడదని, వాటిని విడిగా నిల్వచేసి అప్పగించాలని, పార్కులు, తోటల వ్యర్థాన్ని వీలైనంతవరకు అక్కడే శుద్ధి చేయాలని చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానం బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధిస్తూ మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా విధించమంది. అయినా ఆకురాలు కాలంలో పొగ ఆగలేదు. ఊడ్చిన ఆకును ఎక్కడ పెట్టాలో చోటు చూపకుండా కాల్చవద్దని పారిశుద్ధ్య కార్మికులను ఆదేశించడం వల్ల అది ఆగదు. వార్డుకు ఒక ఆకు నిల్వ కేంద్రం, ఒక ముక్కలు చేసే యంత్రం, కుళ్లబెట్టడానికి తీగవల గూళ్లు ఉంటే చాలు. వానాకాలానికి ముందు విద్యుత్ సిబ్బంది తీగల కింద నరికే కొమ్మలు కూడా అక్కడికే చేరాలి. సన్నగా తరిగిన కొమ్మ మంచి కప్పు. ఇంటివాళ్లు సంచి తెచ్చుకుని ఉచితంగా పట్టుకుపోవచ్చు. ప్లాస్టిక్, గాజు కలవకుండా చూసే మనిషి ఒకరుండడం మాత్రం తప్పనిసరి.

అయిదోది పాలక సంస్థల సొంత తోటలు. రోడ్ల నడుమ పచ్చదనానికి, పార్కులకు ప్రతి ఏటా ఎర్రమట్టి టెండర్లు పిలిచే బదులు అదే డబ్బుతో సొంత చెట్ల ఆకును, సొంత చెత్తకేంద్రాల కంపోస్టును పరీక్షించి వాడితే ఇంటివాళ్లకు అదే పెద్ద పాఠం అవుతుంది. కాంట్రాక్టు షరతుల్లో 'ఎర్రమట్టి ఇన్ని ఘనపు మీటర్లు' అన్న చోట 'సేంద్రియ కర్బనం ఇంత శాతం, కప్పు మందం ఇంత' అని రాయాలి. లోతు నుంచి తవ్విన మొరం ఆ షరతు నెగ్గదు.

ఈ అయిదింటిలో మొదటిది, నాలుగోది వెంటనే మొదలుపెట్టదగినవి. అనుమతి పత్రంలో ఒక షరతు చేర్చడానికి ఒక ఉత్తర్వు చాలు, ఆకు నిల్వ కేంద్రానికి వార్డులో ఖాళీ మూల చాలు. వచ్చే ఆకురాలు కాలానికి ముందే ఆ రెండింటి మీద ఉత్తర్వులు వెలువరించాలని, మిగతా మూడింటికి గనుల, వ్యవసాయ, ఉద్యాన శాఖలతో కలిసి గడువు ప్రకటించాలని రెండు రాష్ట్రాల పురపాలక శాఖలకు విన్నపం.

నకలు: రెండు రాష్ట్రాల గనులు, వ్యవసాయ, ఉద్యాన శాఖల సంచాలకులకు.